మట్టి చెడకూడదు

జాన్ బాబు కారుకి నిన్న ఒళ్లంతా మట్టి కొట్టారు. రోడ్డు మీది మట్టి కాదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎర్రమన్నులో జిగురు కలిపి బ్రష్షులతో చిమ్మిన మట్టి. ఊళ్లో బురద తొక్కుకుంటూ వచ్చిన బండిలా కనపడాలట. జూబ్లీహిల్స్ రోడ్లలో బురద ఎక్కడ దొరుకుతుంది? తయారు చేసుకోవాల్సిందే. నిన్న సగం సీను తీశారు. ఇవాళ సాయంత్రం ఎండ వాలేలోపు మిగతా సగం తీయాలి. ఈలోగా ఆ మట్టి మీద ఒక్క చార కూడా చెరగకూడదు. నిన్నటి బండికీ ఇవాళ్టి బండికీ తేడా వస్తే కంటిన్యుటీ పోయిందంటారు. మనిషి పోయినా అంత గోల చెయ్యరు.

ఆ పాత తెల్లకారును జాన్ బాబు షూటింగులకు తిప్పుతాడు. నిన్న దాన్ని నడిపింది ఆయన కూతురు స్టెఫీ. దారిలో నిలబడ్డ హీరోను ఎక్కించుకునే అమ్మాయి వేషం. నిన్న తీసిందంతా వెనక సీట్లో కెమెరా పెట్టి తీశారు. ఆమె జడ, వీపు, స్టీరింగ్ మీద చేతులు, అంతే. ఇవాళ మొహం తీస్తారు. "ఎక్కండి, వాన వచ్చేలా ఉంది" అని చెప్పాలి.

ఒక్క ముక్క. అయినా ఆ ఇంట్లో అది పండగ. స్టెఫీ చాలా సినిమాల్లో ఉంది, ఒక్కదాంట్లోనూ ఆమె మొహం లేదు. హీరోయిన్‌కి బండి నడపడం రాకపోతే ఈమె విగ్గు పెట్టుకుని నడుపుతుంది. బండి గుంతలో పడితే దెబ్బలు ఈమెకు, చప్పట్లు ఆమెకు. థియేటర్లో తల్లి మేరీ పక్కవాళ్లకు తెర మీద వీపు చూపించి "మా అమ్మాయే" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. మొదటిసారి ఒక డైరెక్టరు "మాట కూడా ఆ పిల్లతోనే చెప్పించండి" అన్నాడు. అప్పట్నుంచి స్టెఫీ ఆ మాటను ఎదురొచ్చిన ప్రతివాళ్ల మీదా ప్రయోగిస్తోంది. బిందె ఎత్తుకుని పోతున్న పక్కింటి మల్లమ్మనూ వదల్లేదు.

"ఎక్కండి, వాన వచ్చేలా ఉంది."

"గా డబ్బాల ఎవలెక్కుతరే. నడిస్తెనే జల్ది పోత," అంది మల్లమ్మ.

మల్లమ్మ అన్నది అబద్ధం కాదు. నిన్న ఇంటికొస్తుంటేనే ముందు చక్రం మోత మొదలుపెట్టింది. లోపల బేరింగ్ పోయింది. ఈ బండితో సాయంత్రం కొండెక్కడం కుదరదు. టోలిచౌకి షెడ్డుకు తీసుకుపోదామంటే ప్రొడక్షన్ మేనేజర్ సత్యనారాయణమూర్తి ఫోన్లోనే తిట్టాడు. ట్రాఫిక్‌లో ఎవడన్నా రాసుకుపోతే మట్టి ఊడుతుంది, బండి ఇంటి ముందు నుంచి కదలకూడదు అన్నాడు. దాంతో షెడ్డులో పనిచేసే శామ్సనే సామాను సంచి వేసుకుని ఫిలింనగర్ బస్తీకి వచ్చాడు. శామ్సన్ మేరీ తమ్ముడు.

ఇంటి ముందు సందులో కారును జాకీ మీద లేపారు. చక్రం విప్పారు, దాని వెనక సరంజామా విప్పారు. పని ఒక్క రింగు దగ్గర ఆగింది. బేరింగ్ బయటికి జారకుండా దాని ముందు గాడిలో ఒక ఉక్కు రింగు బిగించి ఉంటుంది. సర్క్లిప్ అంటారు. ఒకచోట తెగిన గాజులా ఉంటుంది. తెగిన చివర్లలో రెండు బెజ్జాలు. వాటిలో ప్లయర్ మూతి పెట్టి నొక్కితే రింగు ముడుచుకుని బయటికి రావాలి. రాలేదు. పాత తుప్పుకు నిన్నటి జిగురు మట్టి తోడైంది. రింగూ గాడీ ఒకటే గడ్డ అయిపోయాయి. శామ్సన్ గట్టిగా నొక్కేసరికి ఒక బెజ్జం విరిగి ప్లయర్ జారింది.

"బావా, కిరసనాయిలు పోద్దాం. కాసేపట్లో అదే వదుల్తుంది."

"కారుద్దిరా. మడ్‌గార్డు మీద మట్టంతా చారలు కట్టుద్ది."

"పోనీ మంట పెడతా."

"పెచ్చులూడుద్ది."

"అయితే ప్రార్థన చేద్దాం."

"మీ అక్క పొద్దుట్నించీ అదే పనిలో ఉంది. నువ్వు నీ పని చూడు."

చక్రం గూట్లో చీకటి. స్టెఫీ ఫోను లైటు పట్టుకుని కూర్చుంది. శామ్సన్ మోచేత్తో ఆమెను వెనక్కి నెట్టాడు. "దూరం నుంచి పట్టుకోవే. ఇవాళ ఆ మొహం నీది కాదు, సినిమావాళ్లది." తర్వాత రింగు మీద పాతగుడ్డ కప్పాడు. బిగదీసి ఉన్న రింగు వదిలితే ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలీదు, గుడ్డ ఉంటే అందులోనే పడుతుంది. గుడ్డ కింద స్క్రూడ్రైవరు పెట్టి తడుముకుంటూ ఎత్తసాగాడు. అది జారుతుంది, మళ్లీ పెడతాడు. నిదానమైన పని. నిదానంగా చేస్తే అయ్యే పనే.

అప్పుడు మూర్తి వచ్చాడు. తన కారు సందు మొదట్లో ఆపి నడిచొచ్చాడు. వస్తూనే ఫోన్లో నిన్నటి ఫోటో తీసి బండి చుట్టూ తిరిగాడు. బానెట్టు చూశాడు, తలుపులు చూశాడు, డిక్కీ చూశాడు. మట్టి బాగుంది. ఆ తర్వాత మనుషుల వైపు చూశాడు.

"ఏమయ్యా జాన్ బాబూ, చక్రం ఊడదీసి ఇక్కడ బజ్జీల కొట్టు పెట్టావా?"

"రింగు రావట్లేదు సార్. కాస్త కిరసనాయిలు పోయనిస్తే..."

"మట్టి చెడితే నాకీ బండి వద్దు. బండి వద్దంటే పిల్ల కూడా వద్దు. అటుపక్క ఎండ పోతోంది, నువ్వు నాకు కిరసనాయిలు కథలు చెప్తున్నావు."

పిల్ల కూడా వద్దు. ఆ మాట పనిచేసింది. జాన్ బాబు బావమరిది చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నాడు.

"ఆ గుడ్డేంటి మధ్యలో?" అన్నాడు మూర్తి. "గుడ్డివాడు బియ్యంలో రాళ్లు ఏరినట్టుంది. తీసి చూసి చెయ్. అమ్మాయ్, లైటు దగ్గరగా పెట్టు. ఇంకా దగ్గరికి."

"గుడ్డ తీయొద్దు బావా," అన్నాడు శామ్సన్.

"నువ్వు ఊరుకో."

జాన్ బాబు గుడ్డ తీసేశాడు. స్టెఫీ ముందుకు వంగింది. వంగకపోతే తెర మీద మొహం దక్కదు. వంగితే ఏమవుతుందో ఆ సందులో ఒక్క శామ్సన్‌కే తెలుసు, వాడి మాటకు అక్కడ విలువ లేదు. జాన్ బాబు పిడి మీద బరువంతా వేశాడు.

రింగు వచ్చింది. రావడం ఎవరూ చూడలేదు. ఫోను కిందపడ్డాక స్టెఫీ వైపు చూశారు. ఎడమకంటి కింద మొదలై పెదవి చివరిదాకా చెంప తెరుచుకుని ఉంది. ఒక్క క్షణం తెల్లగా కనపడింది, తర్వాత రక్తం. కన్ను మిగిలింది. మిగిలిందని అందరూ అన్నారు, ఆ కన్ను వాళ్లే ఇప్పించినట్టు.

మేరీ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి కూతురి తల పట్టుకుంది. మల్లమ్మ ఉతికిన తువ్వాల తెచ్చి చెంపకు అదిమింది. మూర్తి కూడా వంగాడు. ఆయన చూస్తున్నది మడ్‌గార్డును.

"అరె, మట్టి మీద పడ్డాయి చుక్కలు. ఎవరూ తుడవకండి, పాముకుంటుంది. రింగు వచ్చినట్టేగా?"

"వచ్చింది సార్," అన్నాడు జాన్ బాబు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా ఎత్తినట్టే ఉంది.

"మరి కూర్చున్నావేం? బిగించు."

"ఏం మనుషులయ్యా మీరు," అంది మల్లమ్మ. "పోరి మొకం చీరుకపోయింది. నీ కారుంది గద, దవఖానకు తీస్కపో."

"నా కారు షేక్‌పేట పోవాలమ్మా. ఆటో పిలవండి." మూర్తి అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టాడు. "ఆ చిన్న వేషాల ప్రణవి షేక్‌పేట ఇంట్లోనే ఉందా? రెడీ అవమను, బండి పంపిస్తున్నా. ఒక్క డైలాగే. కాదయ్యా, రీషూట్ ఎందుకు? నిన్న తీసిందంతా వీపేగా. వీపు ఈ పిల్లది ఉంచుదాం, మొహం ప్రణవిది."

స్టెఫీ తువ్వాల తీసి లేచి నిలబడింది.

"నేను చెప్తాను సార్. కుడిపక్క నుంచి తియ్యండి. ఎక్కండి, వాన వచ్చేలా..."

"మాట్లాడకమ్మా. మాట్లాడితే ఇంకా కారుతోంది."

గడప పక్కన నీళ్ల బకెట్టు ఉంది. రోజు మార్చి రోజు వచ్చే కుళాయి నీళ్లు, మేరీ వంటకు పట్టి పెట్టుకున్నవి. స్టెఫీ ఆ బకెట్టెత్తి బానెట్టు మీద గుమ్మరించింది. ఎర్రనీళ్లు అద్దం కింద నుంచి, దీపాల మీద నుంచి సందులోకి కారాయి. రెండో బకెట్టు అందుకోబోతే జాన్ బాబు ఆమె రెక్క పట్టుకున్నాడు.

"పిచ్చిదానా, మన అన్నం మీద పోస్తున్నావే."

మూర్తి అరవలేదు. పొద్దుట్నించీ ఈ మట్టి కోసం అంత గొంతు చేసుకున్నవాడు ఇప్పుడు నింపాదిగా ఇంకో నంబరు నొక్కాడు. "ఒరే, ఆ మట్టి డబ్బా, బ్రష్షులు పట్టుకుని ఫిలింనగర్ బస్తీకి రండి. బండి తడిసింది. ఫోటో ఉందిగా, చూసి మళ్లీ కొట్టండి."

శామ్సన్ తల ఎత్తాడు. "మళ్లీ కొట్టొచ్చా సార్?"

"ఎందుక్కొట్టకూడదు? టీ తాగేలోపు అయిపోద్ది."

"మరి కిరసనాయిలు పోయొద్దన్నారు."

"వాళ్లను పిలవాలి, బతిమాలాలి, వాళ్లొచ్చి టిఫిన్ అడుగుతారు. నాకెందుకయ్యా ఆ తలనొప్పి."

శామ్సన్ చేతిలోని ప్లయర్‌ను మూర్తి కాళ్ల దగ్గర విసిరికొట్టి ఆటో కోసం రోడ్డు వైపు పోయాడు. ప్లయర్ మూర్తి బూటుకు తగల్లేదు. తగిలి ఉంటే బాగుండేది.

ఆటో వచ్చేసరికి మూర్తికి ఇంకోటి గుర్తొచ్చింది. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"జాన్ బాబూ, మీ అమ్మాయి చెవులకు ఆ బుట్టకమ్మలు నిన్నటివేనా? వెనక నుంచి ఊగుతూ పడ్డాయి. ఇప్పించు, ప్రణవికి పెట్టాలి."

మేరీ భర్త మొహంలోకి చూసింది. ఆయన అటు చూడలేదు. చేతులకున్న గ్రీజు ప్యాంటుకు తుడుచుకుని కూతురి దగ్గరికి వెళ్లాడు. కుడిచెవిది తేలిగ్గానే వచ్చింది. ఎడమచెవి మీదికి మల్లమ్మ మళ్లీ అదిమిన తువ్వాల ఉంది, దాని కింద అంతా రక్తం. శీల వేళ్లకు దొరకడం లేదు. స్టెఫీ అరవలేదు, తల కూడా తిప్పలేదు. తండ్రి ఎంతసేపు తడుముతాడో చూద్దామన్నట్టు నిలబడింది.

"ఒక్కటి చాల్లే," అన్నాడు మూర్తి. "కెమెరా ఆ పక్కకు పోదు."

జాన్ బాబు కమ్మను ఆయన అరచేతిలో పెట్టాడు.

మేరీ, శామ్సన్ స్టెఫీని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. "మీరు రారా?" అని మేరీ అడిగింది. బండి తయారవకపోతే ఎట్లా అన్నాడు జాన్ బాబు. ఆటో సందు దిగిపోయింది. ఆయన మళ్లీ చక్రం ముందు గొంతుక్కూర్చుని సుత్తి అందుకున్నాడు. రింగు అడ్డం లేదు కదా, నాలుగు దెబ్బలకే పాత బేరింగ్ జారి కిందపడింది.