రక్తసంబంధీకులు మాత్రమే

పిన్ని పోయిన రోజు నేను ఏడో తరగతికి తెలుగు పాఠం చెబుతున్నాను. బజారులో కళ్ళు తిరిగి పడిపోయిందట. ఎవరో పెద్దాసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. నేను వెళ్ళేసరికి శవాల గదికి మార్చేశారు.

నన్ను కన్న తల్లి నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆ తరవాత నాన్న చేసుకున్న మనిషి పిన్ని. నాన్న కూడా పోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

శవాల గది తలుపు మీద 'రక్తసంబంధీకులు మాత్రమే' అని రాసి ఉంది. పక్కనే బల్ల దగ్గర గుమాస్తా టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు. అది విరిగి గ్లాసులో పడితే వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏమవుతారు మీరు?"

"కొడుకుని. బడిలో తెలుగు మాస్టారిని."

"సొంత కొడుకేనా?"

అవునంటే అబద్ధమేమీ కాదు. కానీ అతను ఏ అర్థంలో అడుగుతున్నాడో నాకు తెలుసు. "మా నాన్నగారి రెండో భార్య ఆవిడ," అన్నాను.

"సవతి తల్లా!" వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. "మాస్టారూ, అర్థాలు చెప్పే మీకు నేను చెప్పాలా? రక్తసంబంధమంటే పుట్టుకతో వచ్చేది. పెంచితే వచ్చేది కాదు. ఆవిడ తరఫువాళ్ళెవరైనా వచ్చి గుర్తుపడితేనే అప్పగిస్తాం."

నిఘంటువులోనూ అంతే ఉంది. సొంతవాక్యం రాయమంటే 'అన్నదమ్ములు రక్తసంబంధీకులు' అని పిల్లలు ప్రతి ఏడూ రాస్తారు. సరైనదేనని టిక్కు పెడుతూ వచ్చాను.

పిన్ని తరఫున ఉన్నది ఒక్క తమ్ముడే. ఈ ఊళ్ళోనే రంగుల కొట్టు. నాన్న పోయినప్పుడు కూడా మా గడప తొక్కలేదు. ఫోను చేస్తే, భోజనం చేసి వస్తానన్నాడు. పళ్ళ సందులో పుల్లతో కెలుక్కుంటూ వచ్చాడు. ఒంటి నిండా సెంటు.

"ఎంత పని జరిగిందోయ్ అల్లుడూ! ఎంతైనా రక్తం రక్తమే. కబురు వినగానే కాళ్ళు ఆగలేదనుకో."

గుమాస్తా లేచి ఆయనకు కుర్చీ వేశాడు. నన్ను కాస్త పక్కకు జరగమన్నాడు.

లోపలికి వెళ్ళబోతూ మామయ్య నా చెవి దగ్గర మెల్లగా అడిగాడు. "అక్క ఇప్పుడెలా ఉంటుందోయ్?"

"బక్కగా ఉంటుంది. తల పూర్తిగా నెరిసింది. ఎడమ చిటికెనవేలు..."

"ఏయ్, బయటివాళ్ళు గుర్తులు చెప్పకూడదు!" గుమాస్తా బల్ల మీద చరిచాడు.

మామయ్య ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళాడు. తలుపు సరిగ్గా మూసుకోకముందే తిరిగొచ్చాడు. "చూశాను. మా అక్కే. పాపం, నిద్రపోతున్నట్టే ఉంది," అంటూ సంతకం గీకాడు.

బండి బయటికి తోసుకొచ్చి గుడ్డ తీశారు. బాగా లావుగా, నల్లటి జుట్టుతో ఉన్న ఆవిడ. ఎవరి తల్లో.

"ఈవిడ కాదు," అన్నాను.

"కాదా? పెళ్ళినాటికి అక్క ఇలాగే దిట్టంగా ఉండేదే!"

గుమాస్తా ఫక్కున నవ్వాడు. "బాగుందండీ, మంచి తమ్ముడే!" మామయ్యా నవ్వాడు. నవ్వులో ఆయన నోటి తుంపర ఆ తల్లి చెంప మీద పడింది. నా చేతిరుమాలుతో ఆ చెంప తుడిచి, గుడ్డ కప్పాను.

"మామయ్యా, మళ్ళీ వెళ్ళి చూడండి," అన్నాను.

"కుదరదు," అన్నాడు గుమాస్తా. "ఒకసారి తప్పు చూపించాక ఈయన మాట చెల్లదు. ఇంకో రక్తసంబంధీకుణ్ణి తీసుకురండి."

"ఇంకెవరూ లేరు."

"అయితే ఆఫీసరుగారే తేల్చాలి. ఆయన సెలవులో ఉన్నారు."

మామయ్య గడియారం చూసుకున్నాడు. "కొట్టు వదిలేసి వచ్చానోయ్. రక్తం పంచుకు పుట్టినందుకు నా వంతు నేను చేశాను. ఏమీ అనుకోకు." చెయ్యి చాపాడు. నేను పట్టుకోలేదు. ఆ చేతినే గుమాస్తా వైపు తిప్పాడు. అతను లేచి మరీ పట్టుకున్నాడు.

రక్తసంబంధమన్న మాట పలికినప్పుడల్లా నాకిప్పుడు ఫినాయిలూ సెంటూ కలిసిన వాసన వస్తోంది.

రోజూ బడి వదలగానే ఆసుపత్రికి వెళ్తున్నాను. ఆఫీసరు రాలేదు. పిన్నిని ఇంకా ఇంటికి తీసుకురాలేదు.