ఒకవైపే తిరిగే రింగు

అల్లుడు కేకు గిన్నెను ఓవెన్‌లోకి తోసి, తన ఖరీదైన వాచీ అద్దం చుట్టూ ఉన్న రింగును తిప్పి, దాని మీది త్రికోణం గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా నిలిపాడు. ఆ తర్వాత వాచీ విప్పి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని కొవ్వొత్తుల కోసం కిందికి వెళ్ళాడు. సాయంత్రం భార్య ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె పుట్టినరోజు కేకు సిద్ధంగా ఉండాలని అతని పట్టుదల.

మామగారికి ఒక బలహీనత. తిరిగే వస్తువు కంటబడితే తిప్పి చూడందే ఆయనకు ఊపిరాడదు. పోయిన నెల అల్లుడి కెమెరా తుడవబోయి లెన్సు ఊడదీశాడు. "ఇంకోసారి ఆయన వస్తువుల జోలికెళ్తే ఊరుకోను నాన్నా" అని కూతురు ముఖం మీదే అనేసింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో చేతులు వెనక్కి కట్టుకునే తిరుగుతున్నాడు. పోయిన పరువు ఇప్పుడిప్పుడే వెనక్కొస్తోంది.

బంగాళాదుంపల చెక్కు తీస్తున్న అత్తగారికి టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించింది.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదే."

ఏదో అయిందన్నమాటే. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు ఆ మాత్రం తెలుసు.

"వెనక్కి రావట్లేదోయ్. పళ్ళు విరిగినట్టున్నాయి."

"ఎవరివి?"

"రింగువి."

"ముందుకే తిప్పుకుంటూ పోండి, చుట్టు తిరిగి అక్కడికే వస్తుంది."

"ఎక్కడికని? ముందు ఎక్కడుందో చూస్తేగా."

"అయితే చెప్పేయండి."

"చెప్తే నీ కూతురు నా మెళ్ళో 'ముట్టుకోనివ్వరాదు' అని బోర్డు కడుతుంది."

ఇంతలో అల్లుడు వచ్చి వాచీ చూసి, "అప్పుడే టైమైపోయిందే" అంటూ కేకు బయటికి తీశాడు. మధ్యలో ఇంకా గంజిలా కదులుతోంది. అతని ముఖం వాడిపోయింది.

"కొలతలన్నీ సరిగ్గానే వేశానండీ అత్తయ్యగారూ. నాకిది చేతకాదు, వదిలేద్దాం" అంటూ గిన్నె పట్టుకుని చెత్తబుట్ట వైపు నడిచాడు.

మామగారు భార్య వైపు చూశాడు. ఆవిడ ఎన్నడూ లేనంత శ్రద్ధగా దుంప చెక్కు తీస్తోంది.

"ఆగండి అల్లుడుగారూ" అన్నాడాయన చివరికి. "కేకు తప్పేం లేదు. రింగు నేను తిప్పాను. విరిగింది కూడా."

అల్లుడు వాచీని అటూ ఇటూ చూసి నవ్వేశాడు.

"విరగలేదు మామయ్యగారూ. దీని తీరే అంత, ఒకవైపే తిరుగుతుంది. సముద్రంలో మునిగి ఈదేవాళ్ళ కోసం చేసింది. దిగేటప్పుడు గుర్తు నిలిపితే, దిగి ఎంతసేపైందో రింగు చెబుతుంది. పొరపాటున దేనికో తగిలి జరిగిందనుకోండి, అయినదానికంటే ఎక్కువసేపే చూపిస్తుంది, తక్కువ మాత్రం చూపించదు. మనిషి ముందే పైకొస్తాడు గానీ, సిలిండర్లో గాలి అయిపోయేదాకా లోపలుండిపోడు."

"రెండువైపులా తిరిగేదైతే?" అత్తగారు తలెత్తింది.

"ఈయన అటు తిప్పుంటే మనం బొగ్గు కోసుకునేవాళ్ళం."

మామగారి నడుము నిటారైంది. "అదంతా ఆలోచించే ఇటు తిప్పాను."

"మరి మిగతా డ్యూటీ కూడా మీదే" అంటూ అల్లుడు కేకును మళ్ళీ ఓవెన్‌లో పెట్టి, వాచీ తీసి మామగారి చేతికే కట్టాడు.

కూతురు వచ్చేసరికి భర్త వాచీ తండ్రి మణికట్టు మీద ఉంది. ఆమె నోరు తెరవబోయింది.

"తగలకుండా పక్కనుంచి వెళ్ళమ్మా" అన్నాడాయన, ఓవెన్ మీంచి చూపు తిప్పకుండా. "రింగు కదిలితే కేకు పచ్చిది తినాల్సొస్తుంది."