ఐదు చోట్లా ఒకటే పేరు

రికార్డు అట్ట వెనక మాస్టారి పేరు ఐదు చోట్ల ఉంది. లోపలున్నవి ఐదు సంగీతపు ముక్కలు. ప్రతి ముక్క పక్కనా 'రచన' అన్న మాట, దాని పక్కన ఆయన పేరు. ఆమె పేరూ బావ పేరూ అట్ట అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'సహకారం' కింద ఉన్నాయి.

ఆమె చేతిలో అప్పుడు వంకర సూది ఉంది. ఎవరిదో మూడు సీట్ల సోఫా వీపు విప్పి, నవారు బిగించి, కొత్త బట్ట వేసి కుడుతోంది. రికార్డు తెచ్చి కత్తిరింపుల బల్ల మీద పెట్టిన పెద్దమనిషి తలెత్తి చూడలేకపోయాడు. ఆయనకు గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. ఎక్కడికి వెళ్లినా రికార్డింగు పెట్టె మోసుకుపోతాడు కాబట్టి ఆయన్ని అందరూ డబ్బాగారనే పిలుస్తారు.

"నాకూ ఇవాళే తెలిసిందమ్మా," అన్నాడాయన. "నేను ముగ్గురి పేర్లూ కలిపి రాసిచ్చాను. కంపెనీకి కాగితాలు పంపింది మాస్టారు."

"రచన అంటే ఏంటండీ? ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?"

ఆమె సూదిని స్పాంజిలో కసుక్కున గుచ్చి లేచింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

పన్నెండేళ్లుగా వాళ్లు ముగ్గురూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం, మూతపడిన ఒక అచ్చాఫీసు పైగదిలో కలిసి వాయిస్తున్నారు. మాస్టారు బడిలో లెక్కలు చెబుతాడు, శాక్సాఫోన్ ఊదుతాడు. డ్రమ్స్ వాయించేది బావ, ఆమె అక్క భర్త, సిటీ బస్సు డ్రైవరు. ఆమెది డబుల్ బేస్, మనిషికంటే పొడుగ్గా ఉండి, నిలబడి వాయించాల్సిన తీగ వాద్యం. ముందుగా అనుకున్న పాట ఉండదు, రాగం ఉండదు, లెక్క ఉండదు. ఎవరో ఒకరు మొదలుపెడతారు. మిగతా ఇద్దరూ వింటారు, ఏదో తోస్తే అందుకుంటారు, తోచకపోతే ఊరుకుంటారు. ఒకసారి వాయించింది మళ్లీ వాయించరు. ఆ నియమం పెట్టింది మాస్టారే. స్వరాలు రాసిన కాగితం పట్టుకొచ్చేవాళ్లు మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పోవచ్చని మొదటి రోజే చెప్పాడు. పన్నెండేళ్లలో ఆ గదిలోకి వచ్చిన కాగితమల్లా టీ గ్లాసుల కింద పరుచుకునే పాత పేపరే.

వినడానికి పదిహేను మంది దాకా వచ్చేవారు. అందులో సగం మంది చెవులు మూసుకుని మధ్యలోనే దిగిపోయేవారు. మిగిలిన సగం పిడుగు పడినా కదిలేవారు కాదు. డబ్బాగారు అందరికంటే ముందు వచ్చి మైకులు పెట్టుకునేవాడు. ఆయన టేపుల్లోంచి ఏరిన ఐదు ముక్కలే ఈ రికార్డు.

రికార్డులో మూడో ముక్క పదకొండు నిమిషాలు. అది రెండేళ్ల కిందట, నాన్న పోయిన తర్వాతి ఆదివారం వాయించింది. సోఫా పని ఆమెకు నేర్పింది నాన్నే. ఆసుపత్రిలో ఆఖరి మూడు రోజులూ ఆమె మంచం పక్కనే కూర్చుంది. ఆయన ఊపిరి ఒక పొడుగు, తర్వాత ఆగడం, తర్వాత రెండు పొట్టివి. మళ్లీ ఆగడం. ఆ ఆదివారం ఆమె కమాను తీగ మీద పెట్టగానే చెయ్యి దానంతట అదే ఆ ఊపిరి తీసింది. బావ పుల్లలు కింద పెట్టి నాలుగు నిమిషాలు ఏమీ వాయించలేదు. ఏడో నిమిషంలో గానీ శాక్సాఫోన్ లోపలికి రాలేదు. వచ్చినా స్వరం లేదు, ఉత్త గాలి. దాని గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

రికార్డు మీద ఆ ముక్కకు పేరు పెట్టారు. 'వాన రాకముందు.' రచన మాస్టారు.

సాయంత్రం ఆమె నేరుగా మాస్టారింటికి వెళ్లింది. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. కంపెనీ పంపిన ఫారంలో 'రచన' అన్న గడి ఖాళీగా వదలకూడదట, ముగ్గురిలో పెద్దవాణ్ణి తనే కాబట్టి తన పేరు రాశాడట. ఫారం మీద అంత చిన్న గడిలో ముగ్గురి పేర్లు పట్టవట. ఇదంతా ఆయన బడిపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. ఆ నిదానానికి ఆమె ఒళ్లు ఇంకా మండిపోయింది.

"మూడోది మా నాన్న, మాస్టారూ. మీకు తెలుసు."

"తెలుసమ్మా. కానీ ఆ రోజు నువ్వేం వాయించావో నీకు తెలీదు. నేను రెండేళ్లు కూర్చుని విన్నాను, స్వరం స్వరం రాసుకున్నాను. వాయించింది గాలికి పోతుంది. రాసిపెట్టాను కాబట్టే అది మిగిలింది."

అని సొరుగులోంచి నాలుగు కాగితాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. వచ్చే శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం హాల్లో రికార్డు విడుదల సభ ఉందనీ, అందులో మూడో ముక్క వాయించాలనీ, దీన్ని చూసి సాధన చేసుకోమనీ చెప్పాడు. ఆమె కాగితాల వైపు చూసింది. నాన్న ఊపిరి ఆగిన ప్రతిచోటా ఎన్ని తాళపు మాత్రలు ఆగాలో ఎర్రసిరాతో అంకె వేసి ఉంది.

ఇంటికెళ్లాక అక్క ఎంత అడిగినా ఆమె అన్నం దగ్గర కూర్చోలేదు. బావ కాగితాలన్నీ తిరగేసి చూశాడు. ఆ తర్వాత, పన్నెండేళ్ల స్నేహాన్ని ఒక అట్ట కోసం తెంచుకోవద్దని నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. అక్కే మధ్యలో అడ్డుపడింది.

"పోయింది మా నాన్న, మీ మాస్టారి నాన్న కాదు. మీరు ఊరుకోండి."

బావ కాగితాలు మడిచి ఆమెకు తిరిగిచ్చేశాడు.

శనివారం హాల్లో ఎనభై మంది ఉన్నారు. ఆదివారాలు వచ్చే మొహాలు ముందు వరసల్లోనే కనిపించాయి. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, సంగీతంలో స్వేచ్ఛ గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఆమె వింటూ పళ్లు కొరుకుతూ నిలబడింది. ఎదురుగా స్టాండు మీద నాలుగు కాగితాలు. ఆయన ఆమె వైపు తిరిగి మొదలుపెట్టమన్నట్టు తలాడించాడు.

ఆమె కాగితాలు తిరగేసి నేల మీద పెట్టింది. కమాను పక్కన పెట్టేసి, అన్నిటికంటే లావు తీగను వేళ్లతో లాగి కొట్టింది. మళ్లీ కొట్టింది. అందులో నాన్న లేడు, దుఃఖం లేదు. ఉత్త కోపం. వేళ్లు నవారు బిగించే వేళ్లు, బలమైనవి. చెక్క అదిరింది. మూడో దెబ్బకు బావ అందుకున్నాడు. పన్నెండేళ్లలో ఎన్నడూ కొట్టనంత గట్టిగా కొట్టాడు. ముందు వరసలో ఒకావిడ చెవులు మూసుకుంది.

మాస్టారు కాసేపు వేలితో నేల మీది కాగితాలు చూపించాడు. ఎవరూ చూడలేదు. తర్వాత తన వంతు కాగితం చూసి, రాసుకున్న మెత్తటి స్వరాలే ఊదడం మొదలుపెట్టాడు. ఆ గోలలో అవి జాతరలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపులా వినిపించాయి. వెనక ఎవరో నవ్వారు. ఆయన ఆగిపోయాడు. మెడ ఎర్రబడింది. కళ్లు మూసుకుని, ఈసారి కాగితం లేకుండా, ఆమె మీదికి దూకినట్టు ఊదాడు. అరిచాడు, గీరాడు, ఆమె మాట సగంలో తుంచాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆయనా తగ్గలేదు. ఇరవై నిమిషాలు ముగ్గురూ ఒకరినొకరు వదల్లేదు. ఆగినప్పుడు హాలు మొత్తం లేచి నిలబడి ఉంది.

మాస్టారు చెమటతో తడిసి దగ్గరికొచ్చాడు. క్షమించమంటాడేమో అనుకుంది. ఒక్క క్షణం ఆ మాట కోసం ఎదురుచూసింది కూడా.

"అద్భుతం," అన్నాడాయన. "డబ్బాగారూ, టేపు మీదికి ఎక్కిందా? దీనికేం పేరు పెడదాం?"

"మీరేమీ పెట్టరు," అంది ఆమె. "దీనికీ పెట్టరు, దానికీ పెట్టరు. ఇక మీతో నేను వాయించను."

చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు. డబ్బాగారు తన పెట్టెలోంచి టేపు తీసి, మాస్టారు చెయ్యి చాపుతుండగానే, ఆమె చేతికిచ్చాడు.

సోమవారం ఆమె పని మానేసి రికార్డు కంపెనీకి వెళ్లింది. పాత టేపులన్నీ పట్టుకుని డబ్బాగారూ, సెలవు పెట్టి బావా వెంట వెళ్లారు. అక్కడి గుమస్తా ముందు కుదరదన్నాడు. ఫారంలో గడి నిజంగానే చిన్నదా అని ఆమె అడిగితే చూపించాడు. అది అరపేజీ ఉంది. చివరికి అట్టలన్నిటి మీదా ముగ్గురి పేర్లతో చీటీలు అంటించడానికి ఒప్పుకున్నారు. మూడో ముక్క పేరు కొట్టేశారు. అక్కడ ఇప్పుడు నిమిషాలు మాత్రమే ఉన్నాయి.

ఆదివారాలు ఆమే బావా సోఫాల షెడ్డులోనే వాయిస్తున్నారు. ఇద్దరే. ఆ శనివారం వాయించినంత బాగా మళ్లీ కుదరలేదని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు మాస్టారి మీద కోపం రెట్టింపవుతుంది. అచ్చాఫీసు పైగదిలో ఇప్పుడు ఆయనొక్కడే ఊదుకుంటున్నాడని డబ్బాగారు చెప్పాడు.

నిన్న మాస్టారు బావ బస్సెక్కాడట. డ్రైవరు సీటు వెనక నిలబడి, మరదలు ఎలా ఉంది, కోపం తగ్గిందా అని అడిగాడట.

"నువ్వేమన్నావు బావా?"

"ఏమంటాను. ఆయన దిగాల్సిన స్టాపు వచ్చింది. దిగమన్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే చిరాకేసి, బట్ట అంచు బలంగా లాగి పట్టుకుని, స్టేప్లరు అందుకుంది.