చదవని పదకొండు మంది

ఆ ఉదయం మా పక్కింటి లోర్నా ఇంట్లో కళ్లారా చూశాను. అల్లిక యంత్రం మీద స్వెట్టర్ సగంలో ఆగిపోయింది. పక్కనే కంప్యూటర్ తెర మీద ఒకే వాక్యం: "ఈ ప్రోగ్రాం ఇక మీకు తెరుచుకోదు."

ఉన్ని మిల్లు మూసేశాక ముప్పై ఏళ్లుగా లోర్నా గీసుకున్న నమూనాలన్నీ ఆ ప్రోగ్రాంలో ఉన్నాయి. ఇంకెందులోనూ తెరుచుకోవు. దాని హక్కులు కొన్న కంపెనీకి పాత యంత్రాలవాళ్లతో ఇక పనిలేదట.

"నా చేత్తో గీసిన బొమ్మలు," అంది లోర్నా. "నాకే చూపించనంటే ఎట్లా?"

అల్లిక యంత్రాలవాళ్లకి నెట్‌లో ఒక వేదిక ఉంది. దేశానికి ఈ కొసనున్న మా ఊరు బర్నీ నుంచి ఆ కొసన డార్విన్ దాకా నాలుగు వందల మందిమి. ఆ రోజు అక్కడ అగ్గి రాజుకుంది.

"తాళం పగలగొడదాం," అని రాశాడు డెస్. పేపరు మిల్లులో యూనియన్ నడిపిన మనిషి.

"దొరికిపోతాం, డెస్ తాతా," అంది హోబార్ట్‌లో లా చదివే బ్రూక్. "వాళ్లు రాసిన కోడ్ వాళ్లది. అది చేసే పని మాత్రం ఎవడి సొత్తూ కాదు. అదే పని చేసేది మనమే కొత్తగా రాసుకోవచ్చు. కానీ వాళ్ల కోడ్ చూసినవాడు మన కొత్తదాంట్లో అక్షరం రాయకూడదు. రాస్తే కాపీ అంటారు."

"చట్టం రాసిందే వాళ్లు, లాయరమ్మా!"

"అందుకే చదివి మరీ వాళ్ల మొహాన కొట్టాలి."

ఇంతలో ఎవడో ఎగతాళి చేశాడు. "ముసలమ్మల స్వెట్టర్ల కోసం ఉద్యమమా? కొత్త యంత్రం కొనుక్కోండి."

డెస్‌కి ఒళ్లు మండింది. ప్రోగ్రాంని విప్పి, కంపెనీ కోడ్‌లోంచి నలభై వరసలు తెచ్చి అందరి ముందూ అతికించాడు. "చూడండి! మనల్ని ఆపుతున్నది ఇంతే. ఒక్క తేదీ లెక్క!"

"కొంప ముంచావు తాతా," అంది బ్రూక్.

మావాళ్లకి కోడ్ కనపడితే చదవకుండా ఉండటం చేతకాదు. మధ్యాహ్నానికి, కొత్తది రాయగలిగినవాళ్లలో చాలామంది చదివేశారు. పనికిరాకుండా పోయారు. వేదికని చూసుకునే ఇనెజ్ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ మధ్యలోనే ఆ రాతకి తెర కప్పి, "కోడ్ రాసేవాళ్లు తెరవొద్దు" అని పెట్టింది. ఆమె పుణ్యమా అని పదకొండు మందిమి మిగిలాం. నేనొకణ్ణి.

రెండు రోజులకి కంపెనీ లాయర్ల ఉత్తరం. కోడ్ పెట్టినవాడి పూర్తి పేరు చెప్పాలి. ఇలాంటి ప్రోగ్రాం ఎన్నడూ రాయబోమని వేదిక సంతకం పెట్టాలి. కాదంటే ఇనెజ్ మీద కేసు.

"పెట్టేద్దాం, పీడా పోతుంది," అన్నారు కొందరు.

ఎప్పుడూ రాయని లోర్నా రాసింది. "నా బొమ్మలు పోతే పోనీండి. ఇనెజ్‌కి చిన్నపిల్లలున్నారు."



"నా పిల్లలు వేసుకునేవి నీ బొమ్మలే కదా, లోర్నా అక్కా," అంది ఇనెజ్. "నేను పేరూ ఇవ్వను, సంతకమూ పెట్టను."

"నువ్వెందుకమ్మా ఇవ్వడం? నేనే ఇస్తా." డెస్ తన పూర్తి పేరు, ఇంటి చిరునామా వేదిక మీద పెట్టాడు. "తప్పు చేసింది నేను. రమ్మనండి."

ఇనెజ్ వేదికని రెండు గదులు చేసింది. చదివినవాళ్లొకవైపు, చదవనివాళ్లొకవైపు. అటువాళ్లు యంత్రం ఏం చేయాలో మామూలు మాటల్లో చెప్పాలి. మధ్యలో బ్రూక్ కూర్చుని, కోడ్ ముక్క జారకుండా ప్రతి మాటా జల్లెడ పట్టి ఇటు పంపేది. మేం రాసేవాళ్లం. తిట్టుకున్నాం కూడా.

"మొదటి వరస కింద రావాలయ్యా! స్వెట్టర్‌ని మెడ నుంచి ఎవడల్లుతాడు?"

"ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

మూడో వారం డెస్ గుమ్మంలోకి కోర్టు కాగితాలొచ్చాయి. "ఇప్పుడే ఇచ్చిపోయారు," అని రాశాడు. "సరే, రంగు మారేచోట ఏం కావాలో చెప్తా, రాసుకోండి."

ఆ సాయంత్రమే లోర్నా మొదటి బొమ్మ తెరుచుకుంది. అలల మీద పక్షుల బారు. ఆమె వెంటనే యంత్రం మీద రెండు వరసలల్లి ఫోటో పెట్టింది.

మర్నాడు మా పదకొండు మందికీ విడివిడిగా కంపెనీ లాయర్ల ఉత్తరాలు: రాయడం ఆపకపోతే మా మీదా కేసు. నాది విప్పి వేదిక మీద పెట్టాను. దాని కింద సముద్రం అవతల ఆక్లాండ్ నుంచి, సువా నుంచి, అల్లిక యంత్రం మొహమైనా చూడనివాళ్లు రాయడం మొదలుపెట్టారు.

"మేమూ ఆ కోడ్ చదవలేదు. ఏ భాగం రాయమంటారు?"