అద్దాల బీరువా తాళం

నేను ఒక తాళం కప్పను. మీ మీద నాకేమంత మంచి అభిప్రాయం లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తే ఇద్దరికీ సుఖం. మనుషులంతా నిజాయితీపరులైతే నన్ను తయారు చేసేవాళ్లే కాదు. మీ దొంగబుద్ధి వల్ల పుట్టాను. ఇక మిమ్మల్ని ప్రేమించమంటే ఆ ప్రేమ ఎక్కడినుంచి తేవాలి?

ఇత్తడి కరిగించి, అచ్చులో పోసి, ఆకురాయితో ఒళ్లంతా గీకి నన్ను తయారు చేశారు. నాతో పుట్టినవాళ్లు కొందరు నగల దుకాణాలకు వెళ్లారు, కొందరు ధాన్యం గోదాములకు వెళ్లారు. నన్ను మాత్రం భూమయ్య అనే బక్కపలచని పెద్దమనిషి గంటసేపు బేరమాడి కొన్నాడు. ఆయన ఒక చిన్న ఊళ్లో శాఖా గ్రంథాలయాన్ని నడిపే ఉద్యోగి. బంగారానికి కాపలా కాస్తాననుకున్న నన్ను తీసుకుపోయి పిల్లల బొమ్మల పుస్తకాల బీరువాకు తగిలించాడు. ఆ అవమానం నాకింకా మింగుడుపడలేదు.

కర్ర బీరువా, ముందు అద్దాల తలుపులు, పైన 'బాలల విభాగం' అని రంగు అక్షరాలు. తాళం చెవి భూమయ్య మొలతాడుకు ఉండేది. పుస్తకం పోతే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. ఎవరూ చదవకపోతే అడిగే నాథుడు లేడు. కాబట్టి ఆయన పుస్తకాలు పోకుండా చూసుకున్నాడు. తాను చదవడు, ఇంకొకరిని చదవనివ్వడు. గడ్డివాము దగ్గర కుక్క సామెత ఆయన్ను చూసే పుట్టిందేమో.

ఏడాదికొక్కసారి, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు మాత్రం నన్ను తెరిచేవాడు. బల్లల మీద తెల్లదుప్పటి పరిచి పుస్తకాలన్నీ ప్రదర్శనకు పెట్టేవాడు. బడిపిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని వరుసగా నడుస్తూ చూడాలి. "సూడుండ్రి, ముట్టకుండ్రి" అని భూమయ్య వెంట తిరిగేవాడు. ముఖ్య అతిథి మైకు ముందు నిలబడి పుస్తకమే మనిషికి నేస్తమని ఊదరగొట్టేవాడు. వారం కాగానే నేస్తాలన్నీ మళ్లీ లోపలికి వెళ్లేవి, నేను టక్కున పడేదాన్ని.

ఆ పుస్తకాల్లో ఒక లావుపాటిది ఉండేది. అందులో గోదావరి వరదలో పడవ మీద చిక్కుకున్న ఒక పిల్ల బొమ్మ ఉంది. బొమ్మ బాగుందని భూమయ్య ఏటా ఆ పేజీయే తెరిచి పెట్టేవాడు. తెడ్డు కొట్టుకుపోయింది, చీకటి పడుతోంది, అవతలి ఒడ్డున ఎవరో లాంతరు ఊపుతున్నారు. అక్కడితో పేజీ అయిపోతుంది. అశ్విత అనే పిల్ల ఆరో తరగతిలో మొదటిసారి ఆ పేజీ చదివింది. మరుసటి ఏడూ ఆ పేజీయే, ఆ తర్వాతి ఏడూ అదే. పేజీ తిప్పడానికి చేతులు వెనకాల ఉన్నాయి కదా! మిగతా ఏడాదంతా సాయంత్రాలు వచ్చి అద్దానికి ముక్కు ఆనించి ఆ పుస్తకం వీపు మీది పేరు చూస్తూ నిలబడేది. అద్దం మీద మరకలు చేసేది. నాకు ఆ పిల్లంటే ఒళ్లుమంట.

అశ్విత పదో తరగతికి వచ్చిన ఏడు, వానలు తగ్గుముఖం పడుతుండగా రజిత దిగింది. గ్రంథాలయ శాస్త్రం చదువుతోందట, పిల్లలకూ ఎదిగే వయసువాళ్లకూ పుస్తకాలు ఎలా అందించాలన్నది ఆమె ప్రత్యేక పాఠమట. శిక్షణ కోసం ఇక్కడికి పంపారు. వచ్చిన రోజే నన్ను పట్టుకుని గుంజింది.

"సార్, జర తాళం తీయుండ్రి. పుస్తకాలు పిల్లల చేతికందాలె."

"అందితే చింపుతరు. సంజాయిషీ నువ్విస్తవా?" అన్నాడు భూమయ్య. "అవన్నీ పరీక్షల రాసుకో బిడ్డా. వారోత్సవాలకు ఎట్లాగూ తీస్తం గద."

శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టవలసింది ఆయనే. రజిత నన్ను వదిలేసింది. ఇదీ మీ చదువుల బలం! పిల్లల హక్కుల గురించి పేజీలకు పేజీలు రాయగల మనిషి, ఒక ఇత్తడి ముక్క ముందు తోక ముడిచింది. అశ్వితను మాత్రం పక్కకు పిలిచి, "ఈసారి వారోత్సవాలు కాంగనే ఆ పుస్తకం నీ చేతుల పెడత, నాది జిమ్మ" అని మాటిచ్చింది. పరీక్షలయ్యాక ఆ పిల్ల దూరాన హాస్టల్ చదువుకు వెళ్లిపోతుంది. కథ చివర తెలుసుకోవడానికి ఇదే ఆఖరి ఏడు.

నవంబరు వచ్చింది. భూమయ్య నన్ను తీశాడు, తలుపులు తెరిచాడు. పుస్తకాల వీపులు ఎప్పటిలాగే సైనికుల్లా నిలబడి ఉన్నాయి. రజిత లావుపాటి పుస్తకం పట్టుకుని లాగితే వీపు ఒక్కటే చేతికి వచ్చింది. వెనకంతా మట్టి. గోడ చెమ్మలోంచి, బీరువా వెనక చెక్కలోంచి చెదలు వచ్చి తీరిగ్గా భోంచేసి పోయాయి. ఏ పుస్తకం లాగినా అంతే.

నన్ను చూడకండి. నేను ముందు తలుపుకు తాళాన్ని. ముందునుంచి ఒక్క దొంగను రానిచ్చానేమో అడగండి.

భూమయ్య తల పట్టుకుని కూలబడ్డాడు. "ఒక్కటి పోనియ్యలే, బిడ్డా. ఇన్నేండ్ల సంది ఒక్కటి పోనియ్యలే" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

తలుపు దగ్గర అశ్విత నిలబడి ఉంది. రజిత ఆమె దగ్గరికి వెళ్లింది.

"ఆ పిల్ల ఒడ్డుకచ్చిందా, మేడం?"

రజిత భూమయ్య వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయనా ఆ పుస్తకం ఎన్నడూ చదవలేదు. ఊళ్లో ఎవరూ చదవలేదు. కథ చివరిదాకా వెళ్లినవి చెదలే.

రజితకు తన పాఠం గుర్తొచ్చింది. పిల్లల చేత కథకు ముగింపు చెప్పించడం మంచి పద్ధతి అని అందులో రాసి ఉంటుంది. "నువ్వే చెప్పు అశ్వితా, ఏమైతే బాగుంటది?" అంది తియ్యగా.

"నేను చెప్పుకునేదుంటే ఇన్నేండ్లు అద్దం ముంగట ఎందుకు నిలబడ్త మేడం? రాసినోళ్లు ఏం రాసిండ్రో కావాలె నాకు."

ఆ ఒక్క మాటకు ఆ పిల్లంటే నాకు కాస్త గౌరవం కలిగింది. కాస్తే.

శీతాకాలం పోయేలోపు పైనుంచి ఇనుప బీరువా వచ్చింది, కొత్త పుస్తకాలు వచ్చాయి. మనుషులు నేర్చుకుంటారని మీరనుకుంటారు. భూమయ్య కొత్త పుస్తకాలన్నీ అట్టలు వేసి లోపల సర్ది, నాకు నూనె పోసి, తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఇగ చెదలు కూడ రావు" అని సంబరపడ్డాడు. అది రజిత శిక్షణకు ఆఖరి రోజు. ఆయన సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చి, చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

రజిత కాగితం మడిచి సంచిలో పెట్టింది. తర్వాత నన్ను తీసి అదే సంచిలో వేసింది. ఆ గ్రంథాలయం పుట్టాక జరిగిన మొట్టమొదటి దొంగతనం నన్ను ఎత్తుకుపోవడమే! బజారులో తాళాలకు కొదవా, భూమయ్య సాయంత్రానికల్లా ఇంకొకటి కొనుక్కుంటాడు. ఆ మాత్రం తెలియదా ఈ చదువుకున్న మనిషికి? అయినా కొత్త తాళం పడేలోపు ఆ బీరువాకు ఒక మధ్యాహ్నం మిగిలింది.

సంచి నోరు ఇంకా మూయలేదు. గుమ్మంలో అశ్విత కనిపించింది. ఆమె నన్ను చూసింది, రజితను చూసింది, గొళ్లెం బోసిగా వేలాడుతున్న బీరువాను చూసింది. పెరట్లో భూమయ్య నీళ్ల చప్పుడు ఆగలేదు. అశ్విత లోపలికి నడిచింది. అలవాటు కొద్దీ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, బీరువా తలుపు తీసింది.