కుట్లు లేని నొప్పి

దగ్గరికి జరిగి కూర్చో మనీషా. ఆ ఫోను అట్లా పక్కన పెట్టు. నడుము పట్టుకుని లేచినప్పుడల్లా నేను జాషువాను ఎందుకు తలుచుకుంటానని అడిగావు కదా, చెప్తాను. మధ్యలో లేవకూడదు. లేస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్తాను, నా సంగతి నీకు తెలుసు.

మన నల్లగొండలోంచి సూర్యాపేట జిల్లా విడిపోయిన మరుసటి ఏడు. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో జాషువా లారీలకు బస్తాలు ఎత్తేవాడు. పన్నెండు మంది ముఠా, దానికి మేస్త్రీ బుచ్చయ్య. జాషువాకు అప్పటికి నలభై రెండేళ్ళు. మనిషి పొట్టి, మెడ మాత్రం కాడెద్దు మెడ. యాభై కిలోల బస్తాను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. తండ్రికి గుంట భూమి లేదు, పరుల పొలాల్లో వంగి వంగి పోయాడు. అందుకే జాషువాకు ముఠాలో తన చోటంటే ప్రాణం. పొలమున్నవాడు గట్టు మీద నిలబడ్డట్టు లారీ పక్కన నిలబడేవాడు.

ఆ ముఠాకొక కట్టుబాటు ఉంది. పనిలో ఎవరైనా దెబ్బ తగిలి పడితే, లేచి వచ్చేదాకా మిగతావాళ్ళు తమ కూలిలోంచి అతనికి ఒక వాటా తీసిపెడతారు. అతని చోటు ఇంకొకరికి ఇవ్వరు. పడ్డోని వాటా అంటారు దాన్ని. ఎంత మంచి కట్టుబాటో చూడు. కాలు విరిగినవాడికి ఇచ్చారు, వేళ్ళు నలిగినవాడికి ఇచ్చారు. అయితే దెబ్బ అందరి కంటా పడాలి. పిండికట్టో, కుట్లో, నెత్తురో, ఏదో ఒకటి.

వానాకాలంలో ఒక పొద్దున జాషువా లారీ మీద బస్తా వేసి పక్కకు తిరిగాడు. జారలేదు, పడలేదు. తిరిగాడు, అంతే. నడుములో కళుక్కుమంది. అక్కడి నుంచి పిర్ర మీదుగా ఎడమకాలి బొటనవేలి దాకా కాల్చిన తీగ దూర్చినట్టయింది. ఇద్దరు మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టారు.

భార్య పుష్పమ్మ అతన్ని జిల్లా పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు స్కానింగ్ ఫోటో చూశాడు. వెన్నుపూసల నడుమ మెత్తలాంటిది ఉంటుందట. అది పక్కకు ఉబ్బి కాలి నరాన్ని ఒత్తుతోందట.

"కాలివేళ్ళు కదుపు. ఆఁ, మంచిగున్నయి. మూత్రం సక్కగ వస్తాందా? అయితే ఇప్పుడు కోసుడు అవసరం లేదు. చానమందికి గిది కోయకుండనే తగ్గుతది. రెండు నెలలు బరువెత్తకు, కసరత్తు చెయ్యి. పాదం వాలిపోయినా, మూత్రం బందైనా ఆ గడియనే ఉరికి రా. గప్పుడు ఆపరేషన్ ముచ్చట."

కసరత్తు చేయించే పిల్ల పేరు దీప్తి. జాషువాను బోర్లా పడుకోబెట్టి, అరచేతులు నేలకు ఆనించి రొమ్ము పైకి లేపమంది.

"నడుము లేపొద్దన్నా, రొమ్మొక్కటే. గిట్ల పూటకు పదిసార్లు. ఒక మాట యాదికుంచుకో. నొప్పి కాలికెల్లి పైకి ఎక్కుతాందంటే తగ్గుతున్నట్టు. నడుముల ఎక్కువైనట్టు అనిపిస్తది, భయపడకు."

బొమ్మల కాగితం ఒకటి ఇచ్చింది. పుష్పమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఎన్ని పూటలు చెయ్యాలి, తిన్నాక చెయ్యొచ్చా, కింద చాప చాలా, అని తనే చేయబోతున్నట్టు గుచ్చి గుచ్చి అడిగింది. "ఇగ సాలు తియ్" అని విసుక్కున్నాడు జాషువా. ఆమె కాగితం మడిచి బైబిల్‌లో పెట్టుకుంది.

మూడో వారం ముఠావాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళు గడపలోకి వచ్చేసరికి జాషువా చాప మీద బోర్లా ఉండి తల ఎత్తుతూ దించుతూ ఉన్నాడు.

"ఓరి వీని! జాషువా తొండ అయిండురా!" అన్నాడొకడు.

"బండ మీద కూసోబెట్టున్రి, ఈగలు పట్టుకుంటడు!"

ఇల్లంతా నవ్వు. జాషువా కూడా నవ్వాడు. ఏం చేస్తాడు మరి. ఆ రోజు నుంచి అతని పేరు తొండే.

అందరూ పోయాక బుచ్చయ్య గడప దగ్గర ఆగాడు. "జాషువా, నేను నమ్ముతా. కానీ ముఠా నమ్ముతలేదు. కట్టు లేదు, కుట్టు లేదు, ఇంట్ల తొండాట ఆడుకుంట పండుకున్నడంటున్నరు. వాటా బందు వెట్టుమంటున్నరు. నీ జాగల ఇంకొకన్ని తెస్తరట."

"ఫోటో సూపెట్టిన గదనే బుచ్చన్నా!"

"ఫోటోల అందరి నడుము ఒక్కతీరుగనే ఉంటదట. ఆపరేషన్ అయితే ముచ్చట వేరే. కుట్లు కండ్లవడ్డంక ఎవడు నోరు తెరుస్తడు?"

అప్పటికి నొప్పి పిక్కను వదిలి తొడలోకి వచ్చింది. నడుములో మాత్రం ముందుకంటే గట్టిగా ఉంది. దీప్తి చెప్పినట్టే జరుగుతోంది. కానీ జాషువాకు ఆ రాత్రి దీప్తి మాట వినపడలేదు, బుచ్చయ్య మాటే వినపడింది.

"పైకి ఎక్కుతాంది గదయ్యా, పిల్ల చెప్పిన తీరుగనే తగ్గుతాంది. ఇంకొక్క నెల ఓపిక వట్టు" అంది పుష్పమ్మ.

"నీకేమెరుక నొప్పంటే!" అన్నాడు జాషువా.

ఆమె ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని లేచి, అన్నం గిన్నె తేవడానికి పోయింది.

దీప్తికి ఫోను చేస్తే "తొందరపడకన్నా, తగ్గే నొప్పి ఇది" అని బతిమాలింది. జాషువా వినలేదు. సర్కారు కార్డు మీద ఉచితంగా ఆపరేషన్ చేసే ఒక ప్రైవేటు దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టరూ అబద్ధం చెప్పలేదు, ఆ మాట కూడా చెప్పాలి. "కోస్తే కాలినొప్పి జల్ది పోతది. ఆగితే గూడ తగ్గొచ్చు. నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమెక్కడిది సారూ, ముఠా ఇష్టం, అనుకున్నాడు జాషువా మనసులో. పైకి మాత్రం సరేనన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. మత్తు దిగేసరికి కాల్లో తీగ లేదు. కుట్లు విప్పిన మరునాడు ముఠా అంతా ఇంటికొచ్చింది. జాషువా అంగీ పైకెత్తి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. వేలెడంత ఎర్రటి గీత. ఒక్కొక్కరూ వంగి చూశారు. తొండ అన్నవాడే "ఎంత కష్టమొచ్చెరా నీకు" అని కండ్లు తుడుచుకున్నాడు. సందేహం లేకుండా ఉండాలని జాషువా దవాఖాన కాగితం కూడా బుచ్చయ్య చేతిలో పెట్టాడు. బుచ్చయ్య దాన్ని మడిచి జేబులో దాచుకున్నాడు. వాటా ఏ లోటూ లేకుండా ఇంటికొచ్చింది. అంత మర్యాద జాషువాకు పెళ్ళిలో కూడా జరగలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఇక మెల్లమెల్లగా పని చేసుకోవచ్చని దవాఖానలో చెప్పారు. పడిలేచినవాడు ముఠా ముందు ఒక్క బస్తా ఎత్తి లారీలో వేయాలి, ఆ తర్వాత అందరికీ చాయ్. అదీ వాళ్ళ ఆచారమే. జాషువా ఉతికిన తలగుడ్డ చుట్టుకుని పోయాడు. దీప్తి నేర్పినట్టు మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి బస్తా మీద చేతులు వేశాడు.

బుచ్చయ్య బస్తా మీద కాలు పెట్టాడు.

"వద్దు జాషువా."

"ఏందే బుచ్చన్నా, పరాచికమా?"

బుచ్చయ్య జేబులోంచి ఆ కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. "బరువులు ఎత్తరాదని రాసున్నది ఇందుల. నువ్విచ్చిందే."

"గది అప్పటి మాట! ఇప్పుడు చెయ్యొచ్చన్నరు."

"కోసిన నడుము పగిలిన కుండ తీరు. ఎంత అతికినా నీళ్ళు పోస్తమా? రేపు నువ్వు వడితే నా మెడకు సుట్టుకుంటది."

"కుట్లు సూపెట్టుమన్నది మీరే గదనే!"

"వాటా ఇయ్యనీకి కుట్లు ఉండాలె" అన్నాడు బుచ్చయ్య, నేల చూస్తూ. "బస్తా ఎత్తనీకి ఉండొద్దు."

మిగతావాళ్ళు లారీ వైపు తిరిగి బస్తాలు ఎత్తుకున్నారు. ఆ రోజు కూడా చాయ్ వచ్చింది. జాషువాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగాడు పాపం, చేతిలో పెట్టాక పారబోయలేడు కదా. వచ్చేటప్పుడు బుచ్చయ్య వెనక నుంచి పిలిచి, "మీ ఇంటామెను తోలియ్యి. పారిన సిమెంటు ఊడ్సే పనున్నది" అన్నాడు.

పుష్పమ్మ పనికి ఒప్పుకుంది. మొదటి రోజు తెల్లవారుజామున జాషువాకు మెలకువ వచ్చి చూస్తే, ఆమె చాప మీద బోర్లా పడుకుని ఉంది. అరచేతులు నేలకు ఆనించి రొమ్ము పైకి లేపుతోంది. పక్కన బైబిల్, దాని మీద బొమ్మల కాగితం. అంచులు నలిగి మెత్తబడ్డాయి. జాషువా దాన్ని ముట్టిందెన్నడూ లేదు.

"ఏం జేస్తున్నవే?"

"కసరత్తు."

"నీకెందుకు?"

"నడుము నొప్పికి. నువ్వు మొదలువెట్టిన నాటి సందే చేస్తున్న. కాల్లకెల్లి పైకెక్కింది, అటెన్క పోయింది."

"నీకు నొప్పి ఉండెనా? ఎన్నొద్దుల సంది?"

"చిన్నోడు పుట్టిన ఏడు నాట్లకు పోలే? అప్పటి సంది. పదకొండేండ్లు."

"మరి నాకెందుకు చెప్పలే?"

పుష్పమ్మ లేచి చాప చుట్టింది. ఈసారి నడుము మీద చెయ్యి పెట్టుకోలేదు. చీపురు అందుకుంటూ అంది:

"కుట్లు లేకపాయె గదయ్యా, సూపెట్టనీకి."

ఈ మాట నాకు పుష్పమ్మే చెప్పింది, నా దగ్గర చీపుర్లు కొనడానికి వచ్చినప్పుడు. నవ్వుతూనే చెప్పింది. నాకే నవ్వు రాలేదు. ఇప్పటికీ ఆమె ఊడుస్తూనే ఉంది. జాషువా పొద్దున ఫ్యాక్టరీ గేటు దాకా ఆమె వెంట పోయి, తిరిగి వస్తాడు.

గుర్తు పెట్టుకో మనీషా. నేను పోయాక నీ ఇంట్లో ఎవరైనా చప్పుడు చేయకుండా నడుము పట్టుకుని లేవడం చూస్తే, అందరినీ కూర్చోబెట్టి ఇది చెప్పు. తొండ మాట వదిలిపెట్టకు, అక్కడ అందరూ నవ్వుతారు. నవ్వనీ. నవ్వినవాళ్ళకే ఆఖరి మాట వినిపించాలి.