పలకరింపు పద్దు

మా మున్సిపల్ కౌన్సిల్ హాల్లో గోడకి ఒక బోర్డుంది. చర్చకొచ్చిన విషయంలో స్వంత ప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ సంగతి తానే లేచి చెప్పాలి, ఆ పద్దు తేలేదాకా బయట కూర్చోవాలి, ఓటు వేయకూడదు అని దాని మీద రాసుంటుంది. రోడ్ల పద్దు వచ్చినప్పుడు కాంట్రాక్టర్ల బావమరుదులు ఆ బోర్డు కిందే కూర్చుని చేతులెత్తారు. చెత్త బళ్ల పద్దు వచ్చినప్పుడు బళ్ల ఓనరే లేచి చర్చ మొదలుపెట్టాడు. ఒక్కడంటే ఒక్కడు బయటికి పోయిన పాపాన పోలేదు. ఆ రూలు కింద మొట్టమొదట బయటికెళ్లిన పుణ్యాత్ముణ్ణి నేనే.

నన్నందరూ మైకు అంటారు. కౌన్సిలర్‌ని కాకముందు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవాణ్ణి. టమాటా బుట్టల దగ్గర నేను నోరు తెరిస్తే ఉల్లిపాయల షెడ్డులో వాళ్లు ఉలిక్కిపడేవారు. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ "ఇంట్లో కూడా వేలమేనా? ఇక్కడే ఉన్నాను కదా, మంచినీళ్లు మెల్లగా అడగొచ్చుగా" అనేది. ఆవిడ పోయాక మెల్లగా అడగడానికీ లేరు, గట్టిగా అడగడానికీ లేరు. మాకు పిల్లలు లేరు. తమ్ముడు పక్క వీధిలోనే ఉంటాడు గానీ మా మధ్య మాటల్లేవు. తప్పు వాడిదే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

కౌన్సిలర్ ఇంటికి జనం రారా అంటారేమో. రాకేం, వస్తారు. కాలువ పొంగిందని వస్తారు, వీధిదీపం మాడిపోయిందని వస్తారు. గుమ్మంలోనే నిలబడి చెప్పి, "కాస్త చూడండి సార్" అని వెళ్లిపోతారు. మీరెలా ఉన్నారని అడిగే తీరిక ఎవరికుంటుంది లెండి. నాకేం కోపం లేదు. అబద్ధం, ఉంది.

ఆమధ్య బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. ఆస్పత్రిలో నర్సు "ఇంటి దగ్గర ఎవరుంటారు?" అని అడిగింది. ఎవరూ ఉండరన్నాను. ఆమె నా ఫోన్ నంబరు పలకరింపు వాళ్లకి ఇచ్చేసింది. పలకరింపంటే మా మున్సిపాలిటీ నడిపే సేవ. ఒంటరిగా ఉండేవాళ్లకి ప్రతి పొద్దునా ఒక మనిషి ఫోన్ చేసి లేచారా, తిన్నారా, మందులు వేసుకున్నారా అని అడుగుతుంది. రెండోసారి చేసినా ఎత్తకపోతే ఇంటికి మనిషిని పంపుతారు. నాకు చేసే అమ్మాయి నన్ను బాబాయ్ అంటుంది. నేను కౌన్సిలర్‌నని ఆమెకి తెలీదు. నేనూ చెప్పలేదు.

ఆ ఫోన్ కోసం నేను పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించేవాణ్ణి. రోజు మొత్తమ్మీద నా మొదటి మాట ఆమెతోనే కదా, గొంతు బొంగురుగా వస్తే ఒంట్లో బాగాలేదేమో అనుకుంటుందని భయం. ఏం చెప్పాలో కూడా ముందురోజే ఏరి పెట్టుకునేవాణ్ణి.

"బంగాళాదుంపలు వేయించానమ్మా. సగం మాడిపోయాయి."

"మాడిన సగం ఎవరికి పెట్టారు బాబాయ్?"

"నాకే."

"మరి మాడని సగం?"

"అదీ నాకే."

ఆమె పకపకా నవ్వేది. ఆ నవ్వుతో మధ్యాహ్నం దాకా లాక్కొచ్చేవాణ్ణి. ఆదివారం ఫోన్ ఉండదు. ఆదివారాలు సామాన్ల కొట్టుకెళ్లి, కొనని తాళాల ధరలు అడిగేవాణ్ణి. కొట్టతనికి నన్ను చూస్తే ఒళ్లుమంట. అయినా ధర చెప్పకుండా ఉండలేడు కదా.

ఇలా ఉండగా బడ్జెట్ వచ్చింది. అందులో మా చైర్మన్ గారు పలకరింపుకి కోత పెట్టారు. మనుషుల్ని తీసేసి మిషన్ చేత ఫోన్ చేయిస్తారట. "మీరు క్షేమంగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి" అంటుందట ఆ మిషన్. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇంటింటికీ తిరిగి సభ్యుల్ని బతిమాలాను. ఈ నోటితో బతిమాలడం ఎంత కష్టమో నాకే తెలుసు. సభ ముందురోజు సాయంత్రానికి లెక్క తేలింది: అటూ ఇటూ సమానం, నా చెయ్యి కలిస్తే మాకు ఒకటి ఎక్కువ. సమానమైతే మాత్రం చైర్మన్ తన ఓటు వేసి తేల్చేస్తాడు.

గోడ మీద బోర్డు నాకు గుర్తులేక కాదు. ఫోన్లో ఒక మనిషి గొంతు వినడం లాభం కిందికి ఎలా వస్తుంది, రూపాయి ముట్టానా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు. మార్కెట్‌నంతా గడగడలాడించిన మైకు, పొద్దున్నే ఫోన్ దగ్గర కాచుక్కూర్చుంటాడని ఊరికి తెలిస్తే తలెక్కడ పెట్టుకోవాలి?

సభ రోజు ప్రశ్నల సమయంలో లేచాను. మైకు పట్టుకొచ్చిన జవానుని ఎప్పట్లాగే వెనక్కి పంపేశాను.

"అధ్యక్షా! పలకరింపుకి ఎందుకు కోత పెట్టారు?"

"నిధులు లేవండీ," అన్నారు చైర్మన్.

"ఆఫీసు ముందు ఫౌంటెన్‌కి ఉన్నాయిగా?"

"అది వేరే పద్దు."

"చుక్క నీళ్లు రాని ఫౌంటెన్‌కి పద్దుంది, మనిషిని పలకరించడానికి లేదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

మావాళ్లు బల్లలు చరిచారు. కమిషనర్ కళ్లద్దాలు సర్దుకుని అందుకున్నారు. "సభ్యులు గమనించాలి. సేవని రద్దు చేయడం లేదు, ఆధునీకరిస్తున్నాం."

"బాగుంది సార్. నడుం విరిగి పడున్నవాడు పాక్కుంటూ వచ్చి రెండు నొక్కాలా? వాడు ఒకటి నొక్కితే మీరు హాయిగా నిద్రపోతారా?"

ఈసారి అటువైపు కూడా కొందరు నవ్వారు. నవ్వుల మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆవిడ గురించి చెప్పాలి. చైర్మన్ పార్టీ ఆవిడది, మొదటి వరసలో కూర్చుంటుంది. చైర్మన్ జోకు పూర్తికాకముందే నవ్వుతుందని ఆ పేరు పెట్టాం. ఆవిడ భర్త ఆ పార్టీకి పట్టణ అధ్యక్షుడు. ఆవిణ్ణి కార్లో దింపి, సభ అయ్యేదాకా బయట కార్లోనే ఉంటాడు. సభలో ఆవిడ ఒక్క మాట మాట్లాడగా ఎవరూ వినలేదు. నవ్వడం, చెయ్యెత్తడం, అంతే. ఆ చెయ్యిని నేను కళ్లు మూసుకుని అటువైపు లెక్కేశాను.

చైర్మన్‌కి మండింది. "అసలు ఎవరికండీ ఈ ఫోన్లు? ఊళ్లో చేతికొక ఫోనుంది. పనీపాటా లేనివాళ్ల సోది వినడానికి మనం జీతాలివ్వాలా? పొద్దున్నే ఫోన్ కోసం కాచుక్కూర్చునే మనిషిని ఒక్కణ్ణి చూపించండి. ఒక్కణ్ణి!"

నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. కాసేపాగితే ఓటింగ్, చెయ్యెత్తితే గెలుపు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పేది. వింటేనా!

"ఇదిగో ఒక్కడు!" అని అరిచాను. కిటికీ అద్దాలు దడదడలాడాయి. "నేనే! నాకే వస్తుంది ఫోన్! రోజూ కాచుక్కూర్చునేది నేనే! ఆ పిల్ల పలకరించకపోతే సాయంత్రం దాకా నా పేరెత్తే దిక్కు లేదు నాకు! చూశారా, సరిపోయిందా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే నవ్వులు. చైర్మన్ మాత్రం నవ్వలేదు. తాపీగా వెనక్కి వాలి, గోడ మీది బోర్డుకేసి వేలు చూపించారు.

"చెప్పినందుకు చాలా సంతోషమండీ. అంటే ఈ పద్దులో మీకు స్వంత ప్రయోజనం ఉన్నట్టే కదా. బయట కూర్చోండి మరి. రూలు రూలే."

"రోడ్ల పద్దు వచ్చినప్పుడు ఏ గాడిదల్ని కాసింది ఆ రూలు?"

"అది వేరే పద్దు," అన్నారాయన.

వెళ్లాను. జవాను తలుపు తీసి పట్టుకున్నాడు, నా మొహం చూడలేక నేలచూపులు చూశాడు.

వరండాలో పొడుగాటి చెక్క బెంచీ ఉంది. అర్జీలు పట్టుకొచ్చేవాళ్లు కూర్చునేది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ దాని మీద కూర్చోలేదు. మందపాటి తలుపు, లోపలి మాట ఒక్కటీ వినబడదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నేను బయటికొచ్చానంటే సరిసమానం, సరిసమానమంటే చైర్మన్ ఓటు. కాపాడదామని వెళ్లి నా చేత్తో నేనే దాని పీక నొక్కాను. ఆ అమ్మాయి కొలువు కూడా ఊడగొట్టాను. రేపో ఎల్లుండో మిషన్ ఫోన్ చేస్తుంది. బంగాళాదుంపల సంగతి దానికి చెప్పుకోవాలి. ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కదాని ఏడ్చాను.

తలుపు తెరుచుకుంది. గబగబా మొహం తుడుచుకున్నాను. వచ్చింది నవ్వుల మేడమ్. హ్యాండ్‌బ్యాగు గుండెకి హత్తుకుని, వచ్చి బెంచీకి ఆ చివర కూర్చుంది.

"ఏంటమ్మా, అప్పుడే అయిపోయిందా?" అన్నాను.

"లేదండీ. ఇప్పుడు ఓటింగ్."

"మరి నువ్విక్కడున్నావేంటి?"

"నాక్కూడా స్వంత ప్రయోజనం ఉందని చెప్పి వచ్చేశాను. మిమ్మల్ని వేళాకోళం చేస్తున్నాననుకుని అందరూ నవ్వారు. వాళ్లు నవ్వుతుండగానే వచ్చేశాను."

నాకు సగమే అర్థమైంది. "మీ అత్తగారికా ఫోన్ వచ్చేది?"

"నాకేనండీ."

"నీకా? మీ ఇంట్లో..."

"ఆయనుంటారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మరిది. వచ్చేపోయే పార్టీవాళ్లు. ఇల్లు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది." బ్యాగు జిప్పు తీసింది, మళ్లీ వేసింది. "డాబా మీద బట్టలారేసే వేళకి చేస్తుంది ఆ అమ్మాయి. అక్కా అంటుంది. ఒకరోజు నిద్ర పట్టలేదని చెప్తే, ఎందుకు పట్టలేదక్కా అని అడిగింది. నన్ను ఎందుకు అని అడిగినవాళ్లు లేరండీ మా ఇంట్లో. ఉప్పెక్కడుంది అంటారు, చొక్కా ఎక్కడుంది అంటారు. ఎందుకు అని అడగరు."

నేను బెంచీ మీద కాస్త ఆవిడ వైపు జరిగాను.

"ఒంటరిగా ఉండేవాళ్లకే చేస్తామన్నారు. ఒంటరిగానే ఉంటున్నానని చెప్పి నంబరిచ్చాను. అబద్ధమాడాను," అంది.

"అబద్ధమని ఎవరన్నారమ్మా?"

అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు. "మీరు లోపల అలా అరిచినప్పుడు ఎంత భయమేసిందో. నా పేరు కూడా చెప్పేస్తారేమో అనిపించింది. మీకెలా తెలుస్తుంది, పిచ్చిదాన్ని. తర్వాత మీ కుర్చీ ఖాళీగా కనబడింది. ఓటు లెక్క నాక్కూడా వచ్చు కదండీ."

నా బుర్ర అప్పుడు పని చేసింది. అటువైపు ఒక చెయ్యి తగ్గింది! నేను దిగ్గున లేచాను. అదే సమయానికి తలుపు తోసుకుని జవాను పరిగెత్తుకొచ్చాడు.

"వీగిపోయిందండీ! కోత వీగిపోయింది! ఒక్క చెయ్యి తేడా!"

నేను వేసిన కేకకి వరండాలో పావురాలు లేచిపోయాయి. జవాను భుజాలు పట్టుకుని ఊపేశాను. "చూశావామ్మా! మిషన్ లేదు గిషన్ లేదు! రేపు పొద్దున్న నీకూ వస్తుంది, నాకూ వస్తుంది! ఆ పిల్లకి..."

ఆవిడ లేవలేదు. సభ్యులు బయటికొస్తున్నారు. మావాళ్లు నా వీపు చరిచి వెళ్లారు. చైర్మన్ పార్టీవాళ్లు ఆవిడ ముందునుంచే నడిచారు. ఒక్కరూ ఆగలేదు, ఒక్కరూ చూడలేదు. చైర్మన్ గారు ఫోన్లో ఎవరితోనో "అవును, మీ ఆవిడే" అంటూ మెట్లు దిగిపోయారు.

"పదమ్మా," అన్నాను. "గెలిచాం కదా. ఇంటికి పద."

"పొద్దునకి ఇంకా చాలా టైముంది కదండీ," అంది.

ఖాళీ ఇంటికి వెళ్లడం కన్నా కష్టం లోకంలో ఇంకోటి లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాది ఖాళీ ఇల్లే, కానీ అక్కడ నన్ను నిలదీసేవాడు లేడు. తిట్టుకుంటే గోడల్ని తిట్టుకుంటాను, ఏడిస్తే గట్టిగా ఏడుస్తాను.

కింద కారు హారన్ మోగింది. ఒకసారి ఆగి, మళ్లీ మోగింది.

"నేను వచ్చి మాట్లాడనా మీ ఆయనతో?" అన్నాను.

"వద్దండీ. మీరు మాట్లాడితే వీధంతా వింటుంది," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. లేచి, బ్యాగు భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది.

నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. భర్త స్టీరింగ్ దగ్గర కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు, తల తిప్పలేదు. పక్కన ముందు సీటు ఖాళీగా ఉంది. ఆవిడ దాన్ని దాటుకుని వెనకకి నడిచి, వెనక తలుపు తీసి కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది కాబోలు.